లాంచీ ఫోటోలో నాలుగో మనిషి

ఆ ఆదివారానికి లోవమ్మ వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. తెల్లారేసరికి పులిహోర కలిపి క్యారేజీకి సర్దాలి. మొదటి బస్సులో ధవళేశ్వరం నుంచి రాజమండ్రి పుష్కరాల రేవుకి చేరాలి. లాంచీలో కిటికీ పక్క సీటు చెల్లెలు చిన్నమ్మాయికి ఇప్పించాలి. పాపికొండలు చూసి, సాయంత్రానికి ఎంతమంది బయల్దేరారో అంతమందీ ఇంటికి తిరిగి రావాలి. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదుగానీ, ఆఖరిది మాత్రం తప్పడానికి వీల్లేదు.

ఆవిడ భయాలన్నీ ఆ ఆఖరిదాని చుట్టూనే తిరుగుతాయి. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తుంది. ‘వెళ్తాను’ అన్న మాట ఆ గుమ్మంలో వినపడకూడదు. పాలు పోసే మనిషి కూడా ‘వస్తానమ్మా’ అనే కదలాలి. గ్యాసు బండ తెచ్చిన కొత్త మనిషి ఒకసారి నోరు జారి ‘వెళ్తానండి’ అంటే, సగం వీధి దాటినవాణ్ణి వెనక్కి పిలిచి, గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, మాట సరిగ్గా అనిపించి మరీ పంపింది.

చెల్లెలి పేరే చిన్నమ్మాయి. వయసు యాభై దాటింది. పెళ్ళయిన ఏడాది తిరగకుండానే భర్త పోతే, ఒక రేకుపెట్టె పట్టుకుని అక్క ఇంటికి వచ్చింది. భర్త చేసిన ఇరిగేషన్ ఆఫీసులోనే ఉద్యోగమిచ్చారు. ఎగువ ఊళ్ళ నుంచి పొద్దున్నే ఫోన్లో వచ్చే గోదావరి నీటిమట్టం అందుకుని పై వాళ్ళకి చెప్పడం ఆవిడ పని. ముప్ఫై ఏళ్ళుగా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే వంటింట్లో ఒకే ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి బతికారు. లోవమ్మ పిల్లలు పెళ్ళిళ్ళయి తలో ఊరూ చేరాక ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురే. మూడోవాడు లోవమ్మ భర్త చంద్రరావు. ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. బస్సు దిగి ఏళ్ళయినా మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు పోలేదు.

ఈ ప్రయాణం చిన్నమ్మాయి పెట్టిందే. ఆఫీసు నుంచి వస్తూ టిక్కెట్లు తెచ్చేసింది.

“మనూరి ముందు నుంచి పోయే నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో ఎప్పుడైనా చూశావా అక్కా?” అంది.

“చూడాలంటే బస్సులో వెళ్ళి గట్టు మీద నించుని చూడొచ్చు కదే. నీళ్ళ మీదకెందుకు?” అంది లోవమ్మ.

“లాంచీయే మంచిది. మధ్యలో అలిగి దిగిపోడానికుండదు,” అన్నాడు చంద్రరావు, ఎందుకోగానీ తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

రేవులో మంచు ఇంకా విడలేదు. ఒడ్డు నుంచి లాంచీలోకి వేసిన చెక్క బల్ల మొదట్లో గణేష్‌బాబు అనే ఫోటోగ్రాఫరు కెమెరాతో కాపు కాశాడు. అతని చేతికి చిక్కకుండా ఎవరూ లాంచీ ఎక్కలేరు. ఎక్కేవాళ్ళని ఎక్కుతున్నట్టే తీసేసి, రీలు ఒడ్డున నిలబడ్డ భార్య దేవిశ్రీకి ఇచ్చేస్తాడు. ఆవిడ దాన్ని కలర్ లాబ్‌కి పట్టుకెళ్ళి కడిగించి, సాయంత్రం లాంచీ తిరిగొచ్చేసరికి ఫోటోలన్నీ రేవులో అట్ట మీద గుచ్చి పెడుతుంది. ఇతనేమో లాంచీలోనే ఉండి, మైకు పట్టుకుని పాటలూ కబుర్లూ నడిపిస్తాడు.

“ఫోటో దిగండి, దిగండి! ఇప్పుడేం ఇవ్వక్కర్లేదు. సాయంత్రం నచ్చితేనే తీసుకోండి,” అంటున్నాడు.

“శుద్ధ దండగ,” అన్నాడు చంద్రరావు. “మనమెలా ఉంటామో మనకి తెలీదూ? ఇంట్లో అద్దం ఊరికే చూపిస్తుందిగా. నా సర్వీసులో లక్షమంది నా బస్సెక్కారు. ఒక్కళ్ళకైనా ఫోటో తీసి అమ్మానా?”

“అందుకే మిమ్మల్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు బావగారూ,” అంది చిన్నమ్మాయి. అందిగానీ గొంతులో రోజూ ఉండే హుషారు లేదు. మామిడిపండు రంగు చీర కట్టుకుని, పైట చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది.

గణేష్‌బాబు కెమెరా ఎత్తాడు. “ముగ్గురూ కాస్త దగ్గరికి జరగండమ్మా.”

ముగ్గురు! లోవమ్మ చటుక్కున వెనక్కి జరిగింది. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరు దూరమైపోతారని ఆవిడ నమ్మకం. ఊరికే వచ్చిన నమ్మకం కాదు. చెల్లెలి పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి రాజమండ్రి స్టూడియోలో ఫోటో దిగారు. అటు లోవమ్మ, ఇటు చిన్నమ్మాయి, మధ్యలో కొత్త మరిది. మరుసటి వానాకాలం అతను చూడలేదు. ఆ ఫోటో రేకుపెట్టె అడుగున బోర్లా పడుకుని ఇంకా ఉంది.

“ఆగు బాబూ, ఆగు!” అని లోవమ్మ చుట్టూ చూసింది. ఇందాకటి నుంచీ తమ వెనకే, టీ కొట్టు దగ్గర్నుంచి ఒకాయన వస్తున్నాడు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు, అప్పుడే గీసుకున్న గడ్డం. చూస్తే పెద్దమనిషిలాగే ఉన్నాడు. లోవమ్మ మరింక ఆలోచించలేదు. రెండు చేతులా ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది.

“బాబ్బాబూ, మీరెవరో నాకు తెలీదుగానీ, ఒక్క నిమిషం కాస్త మా పక్కన నించుందురూ!”

ఆయన చేతిలోంచి గొడుగు కింద పడింది.

“ఇప్పుడేనాండీ?” అన్నాడు. “నేను ఎక్కాక అనుకున్నానండీ...”

“ఎక్కాక ఎవరు తీస్తారండీ? రండి, రండి!”

“అక్కా!” అని చిన్నమ్మాయి తిరిగింది. కెమెరా టక్కుమంది.

అంతటితో ఐపోయిందనుకుంది లోవమ్మ. ఆయనకి దణ్ణం పెట్టి, బల్ల మీంచి జాగ్రత్తగా నడిచి లాంచీలోకి వెళ్ళింది. వెళ్ళేసరికి గణేష్‌బాబు ఆ నలుగురినీ ఒకే బల్ల మీద సర్దేస్తున్నాడు. “మీరు నలుగురు కదండీ, ఇక్కడ. మా లాంచీలో ఫ్యామిలీలు విడిపోకూడదండి.”

విడిపోకూడదన్న మాట విన్నాక దానికి ఎదురు చెప్పడానికి లోవమ్మకి నోరు రాలేదు. కిటికీ పక్కన చిన్నమ్మాయి, పక్కన తను, ఆ పక్కన భర్త, చివర ఆయన కూర్చున్నారు.

“ముగ్గురం బయల్దేరాం, నలుగురం ఎక్కాం,” అన్నాడు చంద్రరావు వేలు పెట్టి లెక్కపెడుతూ. “టిక్కెట్టు లేని ప్రయాణికుడెవరో?”

“నాకు టిక్కెట్టుందండీ,” అని ఆయన గబగబా జేబులోంచి తీసి చూపించాడు. పేరడిగితే అప్పాజీ అన్నాడు. చంద్రరావు టిక్కెట్టు అటూ ఇటూ తిప్పి, అలవాటు ప్రకారం మూల కాస్త చింపి ఇచ్చేసి, తువ్వాలు మొహాన కప్పుకుని నిద్రపోయాడు. తువ్వాలు మాత్రం మధ్యమధ్య కుదుపుగా కదులుతోంది.

లాంచీ కదిలి, రెండు వంతెనలూ దాటిందో లేదో, ముందు బల్ల మీంచి ఒక గొంతు వినపడింది.

“ఏవండోయ్ వదినగారూ! మీరేనా?”

మండపేట వీరమ్మ! లోవమ్మ పెద్దకూతురి అత్తగారికి పినతల్లి కూతురు. భర్తకి రైసుమిల్లు ఉంది. ఆ మిల్లు రోజంతా ఆడేది ఒక్క పూటలో ఆడెయ్యగల నోరు వీరమ్మది. ఈవిడకి తెలిసిందంటే మర్నాటికి కూతురి అత్తవారింట్లో కాఫీల దగ్గర అదే మాట.

“అన్నయ్యగారు, చెల్లెమ్మ, బాగున్నారా? మరి ఆయనెవరండీ?” అంది వీరమ్మ, చూపుడువేలు అప్పాజీ మీద నిలబెట్టి.

ఉన్నమాట చెప్పొచ్చు. ‘ఎవరో దారిన పోయే మనిషిని ఫోటో కోసం చెయ్యి పట్టి లాగాను, భర్త లేని మా చెల్లి పక్కన నిలబెట్టి ఫోటో తీయించాను, సాయంత్రం దాన్ని రేవులో అందరికీ కనపడేలా గుచ్చుతారు’ అని. లోవమ్మ ఆ వాక్యం మనసులో ఒకసారి అనుకుని చూసింది. వద్దనిపించింది.

“మా వారి తమ్ముడండి,” అంది.

“అన్నయ్యగారు ఒక్కరేగా? మొన్న మీ అమ్మాయి చెప్పిందే!”

“సొంత తమ్ముడు కాదండి. పెదనాన్నగారి కొడుకు.”

“ఏ ఊరండీ మీది?” అని వీరమ్మ నేరుగా ఆయన్నే అడిగింది.

“పోలవరమండీ,” అన్నాడు అప్పాజీ. ఆయన ఆ పెదనాన్న సంగతి కాదనలేదు. ఎంత మర్యాదస్తుడో అనుకుంది లోవమ్మ. “మంచినీళ్ళు కావాలా వదినగారూ?” అని కూడా అడిగాడు. అబద్ధంలో తనవంతు సాయం పడుతున్నాడని ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

పోలవరం రేవు దగ్గర, నీటిలోంచి నిలువుగా లేచిన కొలత రాయి ఒకటి కనపడింది. లోవమ్మకి అది తెల్లగీతలు గీసిన రాయి మాత్రమే. కానీ దాన్ని చూడగానే కిటికీ దగ్గర నుంచి చిన్నమ్మాయి, బల్ల ఆ చివర నుంచి అప్పాజీ, ఒకేసారి ఏదో అంకె పైకి అన్నారు. అని, ఇద్దరూ చెరోవైపూ చూశారు.

“ఏంటే అది?”

“ఏం లేదక్కా. నీళ్ళు.”

పదిగంటలకి క్యారేజీ విప్పారు. నలుగురి కుటుంబం అన్నాక నాలుగో మనిషికి పెట్టకుండా ఎలా? చిన్నమ్మాయి ఆకు తీసి, పులిహోరలోంచి ఎండుమిరపకాయలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, మిగిలింది అప్పాజీకి అందించింది. ముందు బల్ల మీంచి వెనక్కి తిరిగి కూర్చున్న వీరమ్మ ఇదంతా చూస్తోంది.

“మీ మరిదిగారి భార్య రాలేదేం?”

“లేరండి,” అన్నాడు అప్పాజీ ఆకు వైపు చూస్తూ. “పోయి చాన్నాళ్ళైంది.”

వీరమ్మ మొహం లైటు వేసినట్టు వెలిగింది. గొంతు తగ్గించి, తగ్గించినా పది బల్లలకి వినపడేలా, లోవమ్మ చెవి దగ్గరికి వంగింది. “వదినగారూ, దేవుడే కలిపాడు మనల్ని! మా ఆడపడుచు ఒకావిడుంది. పాపం ఒంటరిది. ఈ వయసులో తోడు ఉండాలి, చూడవే అని మావారు రోజూ పోరు. మీ మరిది చూస్తే పాలలో కడిగినట్టున్నాడు. గురువారం మంచిది. మావాళ్ళని తీసుకుని ధవళేశ్వరం వచ్చేస్తాం. పోలవరం పెద్దలకి మీరే కబురు పెట్టండి.”

లోవమ్మకి లాంచీ అడుగున చిల్లు పడినట్టయింది. గురువారం! కారు నిండా మండపేట జనం! లేని పెదనాన్న కొడుకు, ఉండని పెద్దలు! ఎలాగైనా ఇక్కడే ఆపెయ్యాలి.

“ఆయనకి కుదిరిపోయిందండి!” అనేసింది.

“అయ్యో! ఎవరితో?”

పేరు కావాలి. లోవమ్మకి తెలిసిన ఆడవాళ్ళ పేర్లన్నీ ఒక్కసారిగా గోదాట్లో కలిసిపోయాయి. దిక్కుతోచక చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు సరిగ్గా అప్పుడే, ఏరడంలో తప్పించుకున్న మిరపకాయ ముక్క ఒకటి అప్పాజీ ఆకులోంచి మెల్లిగా తీసేస్తోంది. లోవమ్మ చూపు వెంట వీరమ్మ చూపు కూడా అక్కడికి వెళ్ళి ఆగింది.

“ఓహో!” అంది వీరమ్మ. “ఇంట్లోనే పెట్టుకుని పైకి చెప్పరేం! చిన్నమ్మాయేనా?”

అప్పుడు లోవమ్మ తల ఊపిందో, సుడి దగ్గర లాంచీయే కుదిపిందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. తల మాత్రం పైకీ కిందికీ ఆడింది.

తరవాత జరిగినవాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. వీరమ్మ లేచి మైకు దగ్గరకెళ్ళింది. గణేష్‌బాబు పాట ఆపాడు. “అందరికీ ఒక ముఖ్యమైన శుభవార్త! మన లాంచీలోనే కాబోయే దంపతులున్నారు! పోలవరం అప్పాజీగారు, ధవళేశ్వరం చిన్నమ్మాయిగారు! ఒక్కసారి గట్టిగా చప్పట్లండీ!” చిన్నమ్మాయి చేతిలోంచి క్యారేజీ మూత దొర్లుకుంటూ ఇంజను దాకా వెళ్ళింది. అప్పాజీ లేచి నిలబడి, నాలుగు వైపులా నమస్కారం పెట్టాడు. ఆత్రేయపురం నుంచి వచ్చినవాళ్ళు పూతరేకుల పెట్టె విప్పి లాంచీ అంతా పంచారు. ఎవరో ముసలాయన అక్షింతలు లేవని, వంటవాళ్ళ దగ్గర గుప్పెడు బియ్యం అడిగి తెచ్చి చల్లాడు. ఆ బియ్యపు గింజల చప్పుడుకి చంద్రరావు తువ్వాలు తీసి, “స్టేజీ వచ్చిందా?” అన్నాడు.

“కొంప మునిగిందండీ,” అంది లోవమ్మ.

“లాంచీ తేలుతోంది కదే,” అని ఆయన మళ్ళీ కప్పుకున్నాడు.

గండి పోచమ్మ గుడి దగ్గర ఆపారు. అమ్మవారి కుంకుమ పళ్ళెం వీరమ్మ చేతిలోకి వచ్చింది. ఆవిడకి ఆలోచనలూ సంకోచాలూ ఉండవు. నేరుగా వచ్చి చిన్నమ్మాయి గడ్డం పట్టుకుని నుదుటి మీద ఇంత బొట్టు పెట్టేసింది. లోవమ్మ ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ నుదుటి మీద చిన్న నల్లటి చుక్క తప్ప ఆవిడేమీ చూడలేదు. ఎర్రటి బొట్టుతో చెల్లెలు, ఎవరో తెలిసిన మనిషి చాలాకాలానికి ఎదురుపడ్డట్టు ఉంది. వద్దని చెయ్యి అడ్డం పెట్టలేకపోయింది. సంతోషించడానికీ ధైర్యం చాలలేదు.

ఆ పైన పాపికొండలు వచ్చాయి. జనమంతా కిటికీల దగ్గరకి ఎగబడ్డారు. లోవమ్మ మాత్రం తల వంచుకుని, చెల్లెలికి క్షమాపణ ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ కూర్చుంది. కొండలు వచ్చాయి, పోయాయి.

పేరంటాలపల్లిలో దిగాక, ఇసుకలో చెల్లెల్ని పక్కకి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. “చిన్నమ్మాయ్, నీ పరువు నా చేత్తో తీశానే. ముగ్గురం దిగకూడదని ఆ దారిన పోయే దానయ్యని లాగాను. అక్కడ మొదలైంది. నేనే వెళ్ళి మైకులో చెప్పేస్తాను, ఇదంతా అబద్ధమని. ఏమనుకుంటే అనుకున్నారు.”

“చెప్పకక్కా.”

“అదేంటే?”

చిన్నమ్మాయి కాసేపు కాలితో ఇసుక తోసింది. “ఆయన దారిన పోయే మనిషి కాదు. పోలవరంలో గోదారి ఎంత ఉందో చూసి, పొద్దున్నే ఫోన్ చేసి నాకు చెప్పేది ఆయనే. తొమ్మిదేళ్ళ నుంచీ. వరదలప్పుడు గంట గంటకీ. ‘నీళ్ళు పెరుగుతున్నాయండీ, మీరు భోంచేశారా?’ అని అడిగేవారు. ఇంట్లో ఆ మాట నువ్వు అడుగుతావు. బయట ఇంకెవరూ అడగలేదక్కా నన్ను.”

లోవమ్మ చెల్లెలి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

“నెలకోసారి మీటింగుకి మా ఆఫీసుకి వస్తారు. ఆ రోజు క్యారేజీ కాస్త ఎక్కువ కట్టమనేదాన్ని, గుర్తుందా?”

“అయితే ఇన్నాళ్ళూ నా పులిహోర తిన్నది ఈయనా?”

“మిరపకాయలు ఏరుకుని తినేవారు.”

“ఆ ముక్క అప్పుడే చెబితే తక్కువ వేద్దును కదే!” అంది లోవమ్మ ముందు. ఆ తరవాత మిగతాదంతా అర్థమైంది. చీర, టీ కొట్టు, ‘ఇప్పుడేనాండీ’. “ఐతే ఈ ప్రయాణం...”

“నీకు చూపించి, నెమ్మదిగా అడగాలనుకున్నాను. ఇంట్లో అడిగే ధైర్యం లేకపోయింది. నువ్వు గుమ్మంలో నిలబడతావు చూడు, అది తలుచుకుంటేనే నా నోరు పెగల్లేదు. బావగారే లాంచీ అన్నారు. లాంచీ ఎక్కి పరిచయం చేద్దామనుకుంటే, ఎక్కకముందే నువ్వే ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు.”

“మీ బావగారికి తెలుసా!”

దూరంగా చంద్రరావు జామకాయ కొరుకుతూ ఇటు చూసి, చటుక్కున అటు తిరిగాడు.

“నువ్వు వద్దంటే మానేస్తానక్కా,” అంది చిన్నమ్మాయి. “నిజంగా. ఎక్కడికీ వెళ్ళను. పోలవరం సెక్షనుకి బదిలీ అడగను.”

లోవమ్మ నీళ్ళ వైపు చూసింది. పోలవరానికి రెండు బస్సులు మారాలి. కానీ ఆవిడ లెక్కలో దూరానికి బస్సులతో పని లేదు. పొద్దున ఉప్పు డబ్బాలో రెండో చెయ్యి ఉంటుందా, ఉండదా, అంతే. “ఇంక లాంచీకి వెళ్దాం పద,” అని మాత్రం అంది.

తిరుగు దారిలో ఆవిడ చెల్లెల్ని పక్కకి జరగమంది. కిటికీ పక్క సీటులో తనే కూర్చుని, వెనక్కి పోయే కొండల్ని అప్పుడు చూసింది. చిన్నమ్మాయి ఒళ్ళో చేతులు పెట్టుకుని శిక్ష వినబోయేదానిలా కూర్చుంది. చప్పట్లు కొట్టీ పాటలు పాడీ అలసిన జనం కునుకు తీస్తున్నారు. పొద్దు వాలుతుండగా పోలవరం రేవు కనపడింది. అడిగినవాళ్ళని దింపడానికి లాంచీ నెమ్మదించింది.

లోవమ్మ పొద్దుటి తరవాత మొదటిసారి అప్పాజీ వైపు తిరిగింది. “మీ ఊరేగా ఇది? ఇక్కడ దిగిపోవచ్చుగా మీరు? మళ్ళీ రాజమండ్రి దాకా వచ్చి వెనక్కి రావడమెందుకు?”

అప్పాజీ గొడుగు చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు. “మీరు దిగమంటే దిగుతానండీ,” అన్నాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. నీళ్ళు ఎంతున్నాయో అంతే చెప్పే మనిషి గొంతు అది. చిన్నమ్మాయి తల ఎత్తలేదు. నుదుటి మీద కుంకుమ చెమటకి కొద్దిగా చెదిరింది.

లోవమ్మ ఆ బొట్టు చూసింది. తన పైట చెంగుతో చుట్టూ తుడిచి, గుండ్రంగా సరిచేసింది.

“కూర్చోండి,” అంది అప్పాజీతో. “నలుగురం ఎక్కాం. నలుగురమే దిగాలి.”

చంద్రరావు తువ్వాలు తీసి, “రైట్ రైట్!” అన్నాడు. లాంచీ కదిలింది.

చిన్నమ్మాయి అక్క భుజం మీద తల పెట్టుకుంది. చాలాసేపయ్యాక, “పొద్దున్న నేను అక్కడ చూసిన నీళ్ళే సాయంత్రానికి నీ దగ్గరకొస్తాయక్కా,” అంది.

“నీళ్ళకేం, వస్తాయి. నువ్వు రా,” అంది లోవమ్మ.

రేవులో దేవిశ్రీ అట్ట మీద ఫోటోలు గుచ్చి, పెట్రోమాక్సు లైటు పెట్టుకుని సిద్ధంగా ఉంది. జనమంతా తమ మొహాలు వెతుక్కుంటూ మూగారు. వీళ్ళ ఫోటో రెండు చోట్ల ఉంది. ఒకటి నలుగురిదీ. రెండోది అందులోంచి చిన్నమ్మాయినీ అప్పాజీనీ మాత్రం విడదీసి పెద్దది చేసి, చుట్టూ గులాబీ రంగు గుండె ఆకారం వేసినది.

“మైకులో చెప్పకముందే నీకెలా తెలిసిందమ్మా?” అంది వీరమ్మ ఆశ్చర్యంగా.

“ఫోటో చూస్తే తెలీదాండీ!” అంది దేవిశ్రీ.

లోవమ్మ నలుగురి ఫోటో లైటు దగ్గరకి తీసుకుని చూసింది. చంద్రరావు దండగ అన్న మాటలో సగం నోట్లో ఉండగా, రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాడు. అప్పాజీ గొడుగు కాళ్ళ దగ్గర పడి ఉంది, ఆయన చూపు మాత్రం చిన్నమ్మాయి మీదే ఉంది. దొంగని పట్టుకున్న కానిస్టేబులులా లోవమ్మ ఆయన మోచేతిని రెండు చేతులా పట్టుకుని ఉంది. చిన్నమ్మాయి కెమెరాని చూడటం లేదు, ఆయన్నీ చూడటం లేదు. అక్కని చూస్తోంది. చిన్నప్పుడు తిరునాళ్ళలో ఏదైనా కావాల్సి వచ్చి, అడగలేక, చెయ్యి పట్టుకుని అలాగే చూసేది. పొద్దున తన పక్కనే నిలబడి చెల్లెలు అలా చూసిందని, సాయంత్రం ఈ కాగితం చెబితేగానీ లోవమ్మకి తెలియలేదు.

“శుద్ధ దండగ,” అన్నాడు చంద్రరావు వెనకనుంచి. “చూశావుగా, పెట్టెయ్.”

“మీరు ఊరుకోండి. రెండు కాపీలు ఇవ్వమ్మా. ఒకటి పోలవరానికి, ఒకటి మాకు.”

“ఈ గుండె ఫోటో కూడా తీసుకోండమ్మా. దంపతులది వేరుగా ఉంటే బాగుంటుంది,” అంది దేవిశ్రీ.

“వద్దు. ఉన్నవాళ్ళని కత్తిరించకూడదు. నలుగురూ ఉన్నదే ఇవ్వు.”

బస్‌స్టాండులో పోలవరం బస్సు ముందు కదిలింది. అప్పాజీ మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఫోటో ఉన్న కవరు చొక్కాకి ఆనించి పట్టుకుని, “వెళ్తానండీ వదినగారూ,” అన్నాడు.

లోవమ్మ చెయ్యి పెట్టి బస్సు ఆపేసింది. కండక్టరు కసురుకోబోయి, పక్కన చంద్రరావుని చూసి తగ్గాడు.

“మా ఇంట్లో అలా అనరు,” అంది లోవమ్మ.

అప్పాజీ ఒక్క క్షణం ఆలోచించాడు. “వెళ్ళొస్తానండీ.”

“ఆఁ, ఇప్పుడు పదండి.”

బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ నిలబడే చూసింది.

మాఘమాసంలో పట్టిసీమలో పెళ్ళయింది. ముందు వరసలో మండపేట జనం కూర్చున్నారు. ఇప్పుడు ధవళేశ్వరంలో ఆ ఇంటి ఫోను పొద్దున్నే మోగుతుంది. “అక్కా, ఇక్కడ నీళ్ళు ఇంత ఉన్నాయి, నువ్వు కాఫీ తాగావా?” అని చిన్నమ్మాయి అడుగుతుంది. లోవమ్మ సాయంత్రం గట్టు మీదకి వెళ్ళి, ఆ నీళ్ళు వచ్చాయో లేదో చూసి వస్తుంది. ఫోటోకి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. వచ్చినవాళ్ళు బుగ్గలు నొక్కుకుని, ఈ వయసులో ఈ సంబంధం ఎవరు కుదిర్చారని అడిగితే, చంద్రరావు వేలు పెట్టి చూపిస్తాడు. “మోచెయ్యి పట్టుకుని లాక్కొస్తున్నది ఎవరో కనపడటం లేదూ?”

లాంచీ ఫోటోలు కొనడం మాత్రం దండగేనని ఆయన ఇప్పటికీ అంటాడు. అందులో ఆయన కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి.